జీతంలో కోత ఎంత? ఖాతాలో జమ ఎంత?

పీఎఫ్, ఈఎస్ఐలలో ఎవరి వాటా ఎంతో తెలుసుకోండి

గుంటూరు జిల్లాలోని జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు మొదలుకొని మిర్చి శీతల గిడ్డంగుల వరకు పనిచేసే కార్మికుల జీతంలో ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ పేరిట కొంత మినహాయిస్తారు. దానికి యజమాని జత చేయవలసిన సొమ్ము ఎంతో, అది జమ అవుతోందో లేదో చూసుకోనివారు ఎందరో ఉన్నారు. పదవీ విరమణ నాడు తెలిసిన లోటును పూడ్చుకోవడం కష్టం.

పీఎఫ్ లెక్క ఇలా..

20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు భవిష్య నిధి వర్తిస్తుంది. మూల వేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంపై సాధారణంగా కార్మికుడు 12 శాతం, యజమాని 12 శాతం చెల్లించాలి. కార్మికుని వాటా పూర్తిగా నిధిలో చేరుతుంది. యజమాని వాటాలో 8.33 శాతం పింఛను పథకానికి, 3.67 శాతం నిధికి వెళ్తాయి. కనుక పాసుపుస్తకంలో నిధి పద్దు కింద యజమాని వాటా తక్కువగా కనిపించినంత మాత్రాన మోసం జరిగినట్లు కాదు. పింఛను పద్దును కూడా కలిపి చూడాలి. బీమా పథకానికి యజమాని మరో 0.5 శాతం చెల్లించాలి. సర్వీసులో ఉండగా చందాదారుడు మరణిస్తే కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షల వరకు అందేది ఈ పథకం నుంచే. నెలవారీ పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు అవసరం.

ఈఎస్ఐ ఎవరికి?

వేతన పరిమితిని 2017 జనవరిలో రూ.21,000కు పెంచారు. 2019 జులై నుంచి కార్మికుని చందా 0.75 శాతం, యజమాని చందా 3.25 శాతం. కుటుంబ సభ్యులకు వైద్యం, అనారోగ్య కాలంలో నగదు సాయం, ప్రసూతి ప్రయోజనం లభిస్తాయి.

ఉదాహరణకు..

ఇతర భత్యాలు లేకుండా నెల వేతనం రూ.12,000 అనుకుందాం.

* కార్మికుని నుంచి: పీఎఫ్ రూ.1,440, ఈఎస్ఐ రూ.90. మొత్తం రూ.1,530.
* యజమాని నుంచి: పింఛనుకు రూ.1,000, నిధికి రూ.440, బీమాకు రూ.60, ఈఎస్ఐకి రూ.390. మొత్తం రూ.1,890. పరిపాలన రుసుము అదనం.

ఇవి గమనించండి

* యజమాని తన వాటాను కార్మికుని వేతనం నుంచి రాబట్టుకోరాదు.
* కార్మికుని వద్ద మినహాయించిన చందాను జమ చేయకపోవడం నమ్మకద్రోహ నేరం కిందకు వస్తుంది.
* గుత్తేదారు చెల్లించకపోతే ఒప్పంద కార్మికుల చందాకు ప్రధాన యజమానే బాధ్యుడు.
* యూఏఎన్ సంఖ్యతో పాసుపుస్తకాన్ని ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. ఒక నెల చందాను మరుసటి నెల 15లోగా యజమాని చెల్లించాలి.
* జీతం చీటీలను భద్రపరచుకోవాలి. తేడా వస్తే అవే సాక్ష్యం. భవిష్య నిధి సంస్థ జిల్లాల్లో నిర్వహించే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరాల్లో ఫిర్యాదు చేయవచ్చు.