తలవ్రాతయా? చేతివ్రాతయా?

పూర్వము మన పల్లెలలో ఊరిబావి వేరు, వాడబావి వేరు. ఎందులకని అడిగిన బిడ్డకు పెద్దలు చెప్పెడి సమాధానము ఒక్కటే: "అది తలవ్రాత." బ్రహ్మ వ్రాసినదానిని మనుష్యుడు చెరుపలేడను నమ్మకము బాధించువారికిని, బాధపడువారిలో పెక్కుమందికిని సమానముగనే ఉండెను. ఆ వ్రాత బ్రహ్మది కాదు, మనుష్యుల చేతివ్రాతయే అని బయటపెట్టుటలో అక్షరము చేసిన మేలు ఇంతింత కాదు. దేశదేశముల చరిత్ర దీనికి సాక్ష్యము.

అక్షరమునకుగల ఈ శక్తిని చక్కగా గుర్తించినవారిలో బానిసల యజమానులు మొదటివారు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో 1740లో చేసిన చట్టము ప్రకారము బానిసకు వ్రాత నేర్పినవారికి నూరు పౌనుల జరిమానా. తరువాతి కాలమున ఫ్రెడరిక్ డగ్లస్ అను బానిస బాలునకు బాల్టిమోరు నగరమున యజమానురాలు అక్షరములు నేర్పుచుండగా, చదువు వచ్చినవాడు ఇక బానిసగా పనికిరాడని ఆమె భర్త మాన్పించెను. ఆ మందలింపే ఆ బాలునకు గొప్ప పాఠమైనది. అతడు వీధిలోని పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలిచ్చి వారియొద్ద చదువు నేర్చుకొనెను. 1838లో తప్పించుకొని స్వేచ్ఛ పొందెను. 1845లో తన జీవితచరిత్రను ప్రకటించి బానిసత్వపు ఘోరమును లోకమునకు చాటెను.

ఇట్టి జాతివివక్ష తెలుగువారికి పరాయికథ కాదు. మద్రాసునుండి బయలుదేరిన 'ట్రూరో' నౌక 1860 నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని దర్బను రేవు చేరినది. నేటాలు చెరకుతోటలలో పనికై అందు పోయిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. ఇట్లు ఒడంబడికపై పోయినవారిలో పెక్కుమంది తాము చదువలేని కాగితముపై వేలిముద్ర వేసినవారే. గడువు తీరినపిమ్మట స్వదేశమునకు మరలక అచటనే నిలుచు కూలీలపై ఏటేట మూడు పౌనుల పన్ను విధించుటకు 1895లో చట్టము పుట్టినది. 1903లో వెలువడిన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ఇట్టి చట్టముల అన్యాయమును అక్షరములలో పెట్టినది. 1913లో వేలాది కూలీలు గాంధీజీ నాయకత్వమున పనులు మాని కదలిరి. 1914లో ఆ పన్ను రద్దయినది.

జాతివివక్షయు, కులవివక్షయు ఒక్కటియే అని చెప్పరాదు. కాని పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టుట రెండింటికిని మూలము. ఈ పోలికను గుర్తించినవాడు మహారాష్ట్రమున జోతిరావు ఫూలే. సావిత్రీబాయితో కలిసి 1848లో పూనాలో బాలికలకు పాఠశాల తెరచిన ఆ మహనీయుడు, 1873లో ప్రకటించిన 'గులాంగిరి' గ్రంథమును నీగ్రో బానిసల విముక్తికై పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. 1913లో అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివిన అంబేద్కరు, 1946లో నల్లజాతి పండితుడైన డుబోయిస్‌కు లేఖ వ్రాసి, అమెరికా నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పంపిన వినతిపత్రపు ప్రతులను కోరెను. ఒక ఖండమునందలి బాధితుని వ్రాత మరియొక ఖండమునందలి బాధితునకు దారిచూపినది.

తెలుగుదేశమున ఈ మేల్కొలుపునకు ముందునిలిచినవారిలో భాగ్యరెడ్డివర్మ ఒకరు. ఆయన 1906లో హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి, చదువురాని జనులకు హరికథలద్వారా జ్ఞానము పంచి, పిదప దళిత బాలబాలికలకు పాఠశాలలు పెట్టెను. 1917లో బెజవాడ మహాసభకు అధ్యక్షత వహించి, తమవారిని "పంచములు" అను పేరు తగదని, తాము ఈ నేలకు ఆదినుండి చెందిన ఆదిఆంధ్రులమని నిలిచి పలికెను. ఇతరులు పెట్టిన పేరును నిరాకరించి తన పేరు తాను వ్రాసుకొనుట కంటె విద్యకు వేరు ఫలమేమి కావలెను?

కడప మండలమునకును ఈ చరిత్రలో పాలు కలదు. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, నోటనుండి నోటికిని తాటియాకులమీదను నడచుచున్న వేమన పద్యములను సేకరించి 1829లో అచ్చువేయించెను. కులగర్వమును నిలదీసిన ఆ మాట అచ్చుపుస్తకమున నిలిచినది. జమ్మలమడుగు ప్రాంతమున లండను మిషనువారు 19వ శతాబ్దమున అంటరానివారనబడిన వారి బిడ్డలకు బడులు నడపిరి.

అయితే చదువు వచ్చినంతమాత్రమున న్యాయబుద్ధి కలుగునని అనరాదు. 1740 నాటి ఆ చట్టమును వ్రాసినవారును చదువరులే. తన గొప్పను చెప్పెడి పుస్తకమునే చదువువాడు ఎంత చదివినను మేల్కొనడు. ఎదుటివాని గాథను చదువవలెను. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' ఊరివారికి వాడవారి బ్రతుకును చూపినది. దొరతనమువారు దానిని నిషేధించిరి. 1941లో జాషువ కవి 'గబ్బిలము' ప్రకటించెను. గుడిలోనికి గబ్బిలమునకు ప్రవేశము కలదు, మనుష్యునకు లేదు. అందుచే అందలి పేదవాడు తన మొరను కాశీవిశ్వేశ్వరునకు గబ్బిలముచేత పంపుకొనును. ఆ కావ్యమును చదివిన అగ్రవర్ణ పాఠకుడు గుడివాకిలిని మునుపటివలె చూడగలడా?

1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన పదునేడవ అధికరణమున అంటరానితనమును రద్దు చేసినది. దక్షిణాఫ్రికాలో 1994లో నల్లవారును తెల్లవారును ఒకే ఎన్నికలో ఓటు వేసిరి. చట్టములు మారినవి. కాని చట్టము చేరని చోటులు మనసులలో ఇంకను కలవు. అచటికి పోగలది పుస్తకము.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి పల్లెపల్లెకు గ్రంథాలయము కావలెనని పెద్దలు పాటుపడినది ఇందులకే. గ్రంథాలయపు పుస్తకము ఒకరి చేతినుండి మరియొకరి చేతికి పోవును; ఆ చేతి కులమేదని అడుగదు. సింహాద్రిపురము వంటి గ్రామమున రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు బీరువాలలోని పుస్తకముల లెక్క ఒక్కటే కొలమానము కాదు. ఊరినుండియు వాడనుండియు వచ్చిన బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండి ఒకే పుస్తకమును చదువుచున్నారా అనునదే అసలు లెక్క. ఆ బల్లవద్ద తలవ్రాత చెరగును; మంచి చేతివ్రాత మొదలగును.