చేతి ఫోనులో తవత్తు

నారాయణపేట జిల్లాలోని మక్తల్ పేరు కంటికి మూడక్షరములే. యంత్రమునకు మాత్రము ఆరు సంకేతములు: మ, క, పొల్లు, త, ల, మరల పొల్లు. క, పొల్లు, త వరుసగా వచ్చినపుడు తకారమును వత్తుగా క్రిందికి దించుట మరియొక ప్రోగ్రాము పని.

1991లో యూనికోడ్ తొలి కూర్పు తెలుగునకు సంకేతముల నిచ్చినదే గాని, వానిని అక్షరములుగా పేర్చు నేర్పు చేతి ఫోనులకు వెంటనే అబ్బలేదు. కొన్నిటిలో అక్షరములకు బదులు ఖాళీ గళ్లు కనబడెడివి. కొన్నిటిలో వత్తు దిగక "మక్‌తల్" అయ్యెడిది. ఆండ్రాయిడ్ 2012లో 4.1 కూర్పుతో తెలుగును చేర్చుకొన్నది. అయినను చాల ఫోనులలో ఒక చిక్కు మిగిలినది. "క్త" వ్రాసి బ్యాక్‌స్పేస్ మీట ఒకమారు నొక్కినచో అక్షరమంతయు చెరగదు. త పోయి క్ మిగులును. వ్రాయువానికి అక్షరము ఒకటి, యంత్రమునకు మూడు!

2018 ఫిబ్రవరిలో ఇంతకంటె పెద్ద వింత జరిగినది. జ, పొల్లు, ఞ, తరువాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, ఆపై దీర్ఘము: ఈ వరుస సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో దానిని చూపు ప్రోగ్రాము కుప్పకూలెడిది. తెలుగక్షరమే ఫోనులను పాడుచేయుచున్నదని ప్రచారమైనది. ఆ నింద అన్యాయము. మామూలుగా వ్రాసిన "జ్ఞానము" ఏ హానియు చేయలేదు. బెంగాలీలోని కొన్ని వరుసలకును ఇదే గతి పట్టినది. లోపము అక్షరములను పేర్చు ప్రోగ్రాములో నున్నది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో దానిని సరిదిద్దినది.