ప్రసవ సెలవు తర్వాత రాజీనామా: నోటీసు, మిగిలిన సెలవుల డబ్బు

బిడ్డను చూసుకునేవారు లేక, ప్రసవ సెలవు అయ్యాక ఉద్యోగం మానేద్దామనుకునే అక్కాచెల్లెళ్లు చాలామందే. వెంటనే వచ్చే భయం: సెలవులో ఇచ్చిన జీతం కంపెనీ వెనక్కి తీసుకుంటుందా?

చట్టంలో అలా లేదు. ప్రసవానికి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసినవారికి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, ఆపై కాన్పుకు 12 వారాలు జీతంతో సెలవు హక్కు. మానేసినంత మాత్రాన అది అప్పు అయిపోదు.

నోటీసు: ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. ఎక్కువగా 30, 60 లేదా 90 రోజులు. అది పూర్తి చేయకపోతే తక్కువైన రోజుల జీతం కోసుకోవచ్చని చాలా లెటర్లలో రాసి ఉంటుంది. కంపెనీ మినహాయింపు ఇస్తానంటే నోటిమాటతో సరిపెట్టుకోవద్దు, మెయిల్‌లో రాయించుకోండి.

సెలవుల డబ్బు: వాడని ఎర్న్‌డ్ లీవ్‌లు ప్రసవ సెలవుకు వేరు. వాటి లెక్క చివరి హిసాబ్‌లో విడిగా కనిపించాలి.

గ్రాట్యుటీ: 5 ఏళ్ల సర్వీసు లెక్కలో 26 వారాల వరకు ప్రసవ సెలవు కూడా కలుస్తుంది. కొద్ది వారాలే తక్కువైతే, రాజీనామా తేదీ మరోసారి చూసుకోండి.

లెటర్ ఇచ్చే ముందే పే స్లిప్‌లు, లీవ్ బ్యాలెన్స్ కాపీ దాచుకోండి. ఆఫీసు లాగిన్ పోయాక అవి దొరకవు.