సర్కారు వకీలు, రైతుల వకీలు

మాది సిరిసిల్ల నుంచి సూరత్‌కి వచ్చిన మగ్గాల కుటుంబం. అక్కడి లింబాయత్‌లో పెరిగి వకీలునయ్యాను. మన పిల్లలు ఎవరైనా లా చదువుతామని వస్తే, వాళ్ళకి నేను మొదట చెప్పే పేరు భూలాభాయ్ దేశాయ్.

1922 మార్చిలో అహ్మదాబాద్‌లో గాంధీగారిపై రాజద్రోహం కేసు నడిచింది. సర్కారు తరఫున వాదించినవాడు బొంబాయి అడ్వొకేట్ జనరల్ స్ట్రాంగ్‌మన్. ఆరేళ్ళ శిక్ష వేసిన జడ్జి బ్రూమ్‌ఫీల్డ్. నాలుగేళ్ళ తర్వాత, 1926లో, అదే అడ్వొకేట్ జనరల్ పదవిలో కొంతకాలం తాత్కాలికంగా పనిచేసినవారు భూలాభాయ్. 1877లో అప్పటి సూరత్ జిల్లాలోనే పుట్టారాయన.

1927లో మా పక్కనున్న బార్డోలీ తాలూకాలో సర్కారు శిస్తును 22 శాతం పెంచింది. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ వెంట నడిచిన రైతులు పైసా కట్టలేదు. చివరికి సర్కారు దిగివచ్చి విచారణ కమిటీ వేసింది. అందులో ఒకరు అదే బ్రూమ్‌ఫీల్డ్, రెండోవారు మాక్స్‌వెల్. రైతుల పక్షాన ఆ కమిటీ ముందు నిలబడ్డది భూలాభాయ్. ఊరూరా తిరిగి లెక్కలు రాసింది గాంధీగారి సహచరులు మహదేవ్ దేశాయ్, నరహరి పరీఖ్‌లు.

ఆ విచారణలో అసలు గొడవంతా కౌలు అంకెల మీదే. సర్కారు ఆ అంకెల ఆధారంగానే శిస్తు పెంచింది. తనఖా భూములపై కట్టే వడ్డీ కూడా కౌలు కింద పద్దుకెక్కిందని రైతుల పక్షం చూపించింది. ఆ అంకెలు నమ్మదగ్గవి కావని కమిటీ తేల్చింది. 22 శాతం కాస్తా 6.03 శాతానికి దిగింది. సర్కారు లెక్క ఎలా కట్టుకుంటుందో లోపలినుంచి చూసిన మనిషి రైతుల పక్కన నిలిస్తే ఎంత బలమో బార్డోలీ చూసింది.

తర్వాత ఆయన వెనక్కి చూడలేదు. 1930లో కాంగ్రెస్‌లో చేరారు, 1932లో జైలుకెళ్ళారు. 1934 నవంబరులో గుజరాత్ నుంచి కేంద్ర శాసనసభకు గెలిచి, అక్కడ కాంగ్రెస్ పక్షానికి నాయకుడయ్యారు. సభ కొట్టేసిన బిల్లును వైస్రాయ్ తన అధికారంతో చట్టం చేసుకోగలిగిన రోజులవి. అయినా ఆయన సభలో సర్కారుతో పోరాడారు.

1945 నవంబరులో ఎర్రకోటలో, బ్రిటిష్ వాళ్ళపై పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ మొదలైంది. వాళ్ళ తరఫున నిలిచింది భూలాభాయ్, ఎదుటి పక్షాన అప్పటి భారత అడ్వొకేట్ జనరల్ ఇంజనీర్. పరాధీన జాతికి విముక్తి కోసం యుద్ధం చేసే హక్కుందని, అంతర్జాతీయ న్యాయం దాన్ని గుర్తిస్తుందని భూలాభాయ్ వాదించారు. కోర్టు యావజ్జీవ ద్వీపాంతరం వేసినా, సేనాధిపతి ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేయక తప్పలేదు. అప్పటికే ఆరోగ్యం చెడిన భూలాభాయ్ 1946 మే 6న కన్నుమూశారు.

పిల్లలూ, ప్రాసిక్యూటర్ ఉద్యోగం వస్తే తప్పకుండా చేరండి. సర్కారు కాగితం ఎలా తయారవుతుందో నేర్చుకోండి. ఆ విద్య రేపు కాగితం చదవలేని మనిషికి అక్కరకొస్తేనే దానికి విలువ.