వరి మడిలో లిండేన్ విచ్ఛిన్నం

లిండేన్ ఆరు క్లోరిన్ పరమాణువులున్న పురుగుమందు. తెలుగు రైతులు గమాక్సిన్ అనీ బి.హెచ్.సి. పొడి అనీ చల్లిన మందులో పురుగును చంపే భాగం ఇదే. ఆ పొడిలో ఇది సుమారు 10–15 శాతం మాత్రమే, మిగతాదంతా పురుగు మీద పెద్దగా పనిచేయని ఆల్ఫా, బీటా వంటి రూపాలు. పంటకు అక్కరలేని ఆ భారమంతా నేలే మోయాల్సి వచ్చింది.

నల్గొండ జిల్లా వేములపల్లి, మిర్యాలగూడ ప్రాంతం నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింది వరి సీమ. సాగర్ కాలువలకు నీరు వదిలిన 1967లోనే, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో మాక్‌రే, రఘు, కాస్ట్రో ఒక ముఖ్యమైన సంగతి తేల్చారు. నీరు నిలిచిన మట్టిలో బి.హెచ్.సి. రూపాలు సూక్ష్మజీవుల వల్ల తరిగిపోతాయి, సూక్ష్మజీవులను చంపిన మట్టిలో అంత వేగంగా తరగవు. 1969లో లిండేన్‌ను విడగొట్టే క్లాస్ట్రిడియం బాక్టీరియాను గుర్తించారు. కటక్ వరి పరిశోధన సంస్థలో సేతునాథన్ బృందం భారతీయ వరి నేలల మీద ఈ పని కొనసాగించింది.

దమ్ము చేసి నీరు పెట్టిన మడిలో గాలి కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. బురద నల్లబడుతుంది, కాలు పెడితే బుడగలు లేస్తాయి. అక్కడి బాక్టీరియా లిండేన్ నుంచి క్లోరిన్‌ను జతలు జతలుగా ఊడదీస్తాయి. చివరికి ఎక్కువగా మిగిలేది క్లోరోబెంజీన్, బెంజీన్. అవీ విషపదార్థాలే కాబట్టి లిండేన్ మాయమైనంత మాత్రాన మడి శుభ్రపడినట్టు కాదు. వాటిని పూర్తిగా దహించే బాక్టీరియాకు ప్రాణవాయువు బాగా అక్కరకొస్తుంది. అది బురదలోనూ ఒకచోట దొరుకుతుంది: వరి మొక్క ఆకుల నుంచి వేళ్లకు గాలి పంపుతుంది. మొక్కను పీకి కడిగితే వేళ్ల మీద కనిపించే తుప్పు రంగు పూత, ఆ గాలి సోకి ఇనుము గడ్డకట్టిన గుర్తు.

గాలి ఉన్నచోట పనిచేసే బాక్టీరియాలో పేరున్నది స్ఫింగోబియం ఇండికం బి90ఎ. దీన్ని కటక్‌లో చెరకు వేళ్ల దగ్గరి మట్టిలోంచి వేరు చేశారు. దీనిలోని లిన్-ఎ ఎంజైమ్ లిండేన్ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను తొలగిస్తుంది, లిన్-బి క్లోరిన్ స్థానంలో హైడ్రాక్సిల్‌ను చేరుస్తుంది. తర్వాతి ఎంజైములు కార్బన్ వలయాన్ని తెంచాక, మిగిలిన కార్బన్ బాక్టీరియాకు ఆహారమవుతుంది.

బీటా రూపం మాత్రం మొండిది. దాని క్లోరిన్లన్నీ వలయం అంచున చదునుగా ఒదిగి ఉండటంతో లిన్-ఎకు లొంగదు. లిన్-బి ఒకటి రెండు క్లోరిన్లను మార్చి ఆగిపోతుంది. బి.హెచ్.సి.ని మనదేశం 1997లో నిషేధించింది, అయినా పాత అవశేషాల్లో ఎక్కువ కాలం నిలిచేది ఈ బీటాయే.