కొండ దిగిన పాట ఎవరిది?

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ పాట వినని వాళ్లు మన ఉత్తరాంధ్రలో అరుదు. సభల్లో విన్నవాళ్లు ఉన్నారు, పెళ్లి ఊరేగింపుల్లో విన్నవాళ్లు ఉన్నారు. బడి పిల్లల్ని అడిగితే మాత్రం అది సినిమా పాట అంటారు. ఆ పాట నడిచిన దారి వాళ్లకు చెప్పాల్సింది మనమే.

రాసి పాడినది వంగపండు ప్రసాదరావు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు, జననాట్యమండలిలో గద్దర్‌తో కలిసి ఆడి పాడారు, 2020 ఆగస్టు 4న కన్నుమూశారు. ఆయన మైదానం మనిషే. కానీ ఆయన పాటకు నిప్పు మన కొండల నుంచే అందింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు ఆదివాసీలను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న జనం మీద జరిగిన కాల్పులవి. శ్రీకాకుళం పోరాటం అక్కడి నుంచి రాజుకుంది. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పోరాటానికి తెచ్చారు. ఊళ్లో దేవతల కథ చెప్పే జముకు, భూమి కథ చెప్పడం మొదలుపెట్టింది. వంగపండు నడిచింది ఆ బాటలోనే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. జనం బాణీలను సినిమావాళ్ల కంటే ముందు తీసుకున్నది ఉద్యమకారులే. అయితే వాళ్లు తీసుకున్న బాణీని మళ్లీ అదే ఊళ్లకు తెచ్చి, అదే జనం మధ్య పాడారు. పాట ఎటు తిరిగి చూస్తోంది అన్నదే మనకు ముఖ్యం. ‘ఏం పిల్లడో’ పైకి చూస్తే ఒక పిల్ల పిల్లాణ్ని తోడు రమ్మని పిలిచే పాట. లోపల అది శ్రీకాకుళం కొండల వైపు, పోరాటం వైపు పిలుపు.

1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో ఆ పాట తెర మీదికి వచ్చింది. అప్పటికి పాట తన అర్థంతోనే ఉంది. 2009లో ‘మగధీర’లోని ఒక హుషారు పాటలో ఆ పిలుపు మళ్లీ వినిపించింది. ఈసారి పిలుపు మిగిలింది, ఎక్కడికో అన్నది పోయింది. తన మాటలు అనుమతి లేకుండా వాడారని వంగపండు అభ్యంతరం చెప్పారు. ఆయన అడగగలిగారు. ఎందుకంటే పాట మీద ఆయన పేరు ఉంది, అది ఆయనదేనని చెప్పడానికి లక్షల మంది సాక్షులున్నారు.

పక్కనున్న ఒడిశాలోనూ ఇదే జరిగింది. సంబల్‌పురి పాట ‘రంగబతి’ 1970లలో సంబల్‌పూర్ రేడియో నుంచి బయటికి వచ్చింది. జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 2015లో ‘కోక్ స్టూడియో’వాళ్లు దాన్ని గిటార్లతో, రాప్‌తో కొత్తగా పాడించినప్పుడు, రాసిన మిత్రభాను గౌంటియా, బాణీ కట్టిన ప్రభుదత్త ప్రధాన్ లీగల్ నోటీసు పంపారు. అక్కడా పేర్లున్నాయి.

మరి మన థింసా పాటకో? అది ఏ ఒక్కరిదీ కాదు. పోతర్ తోలా ఆకులు కోసే ఆట, బాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే ఆట, బోడ థింసా ఊరి దేవతకు మొక్కే ఆట. పోర్జ, కోటియా, ఖోండు, భగత, వాల్మీకి అందరూ కలిసి ఆడతారు, పాట ఎక్కువగా ఆదివాసీ ఒడియాలో సాగుతుంది. ఇప్పుడు పర్యాటకుల బస్సు రాగానే పది నిమిషాల థింసా. వార్షికోత్సవాల్లో పెన్ డ్రైవ్‌లో డీజే థింసా. మనం గమనించినంతలో మొదట పోయేది భాష. పాట తెలుగైపోతుంది, లేదా మాటలే లేకుండా పోతాయి. తర్వాత మోరి, కిరిడి, జోడుకొమ్ములు పోతాయి. డప్పు, తుడుము ఆఖరి దాకా నిలుస్తాయి, ఎందుకంటే మిషను బీటుకు అవి దగ్గర. అన్నిటికన్నా చివర పోయేది చీరకట్టు. ఫొటోకు అది కావాలి కదా!

చట్టం ఏమంటుందో యువత తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయితకు జీవితాంతం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రచయిత ఎవరో తెలియని, ఊరంతా పాడే పాటకు అలాంటి రక్షణ లేదు. సినిమా పేర్లలో ‘జానపదం’ అని వేస్తే సరిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ అదే చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది. పాత పాటైనా సరే, మన అవ్వ పాడినది ఆమె అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోవడానికి వీల్లేదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఫోన్ పట్టుకుని ఊళ్లోకి వచ్చే ప్రతివారికీ ఈ మాట చెప్పవచ్చు.

పేరు దక్కితే చాలునని కూడా అనలేం. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతో దేశానికి తెలిశారు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారన్న వార్త పత్రికల్లో చదివాం.

అందుకని పాట కొండ దిగకూడదని మనం అనడం లేదు. మన పిల్లలు స్టూడియోకు వెళ్లాలి, ఆల్బమ్ చేయాలి, కీబోర్డు వాడినా తప్పులేదు. ఆదివాసీ ఒడియా మాటలు ఉంచి, మోరి వాయించే మనిషిని కూడా స్టూడియోకు తీసుకెళ్లి, అట్ట మీద ఊరి పేరు, పాడిన వాళ్ల పేర్లు వేస్తే అది మన పాటే. ముందు మోరి ఊదేవాళ్లు ఎంతమంది మిగిలారో తెలియాలి. ఈ చైత్రంలో ఇటుకల పండుగకు ఊళ్లకు వెళ్లినప్పుడు, టీచర్లం ఒక నోటుబుక్కు వెంట పెట్టుకుందాం: వాయించే వాళ్ల పేరు, ఊరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పుడు ఎవరికి నేర్పుతున్నారు.