అరచేతిలో దాగిన ముక్క
(హస్తలాఘవ విద్యను గురించి ఒక చారిత్రక వ్యాసం)

పండుగ పూట నలుగురు బంధువులు చేరిన తెలుగింట పేక కట్ట బయటికి రాకపోవడం అరుదు. పెద్దలు ఆట ముగించి లేచిన తరువాత ఆ కట్టను చేత పుచ్చుకొని, ఒక ముక్కను మాయం చేసి, ఎదుట కూర్చున్న పిల్లవాని చెవి వెనుక నుంచి తీసే మామయ్యో బాబాయో ఒకరు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. పిల్లలు కేకలు వేస్తారు, ఆడవారు నవ్వుతారు, మామయ్య మాత్రం రహస్యం చెప్పడు. ఆ రహస్యానికి నాలుగు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. దానిని ఈ ఉగాది సంచికలో పాఠకుల ముందుంచాలని మా సంకల్పం.

మన భాషలో ఈ విద్యకు రెండు మంచి మాటలు ఉన్నవి. ఒకటి కనికట్టు, అనగా చూచేవాని కంటిని కట్టివేయడం. రెండవది హస్తలాఘవం, అనగా చేసేవాని చేతి నేర్పు. ఒకటి ప్రేక్షకుని వైపు నుంచి, మరొకటి ప్రదర్శకుని వైపు నుంచి వచ్చిన మాట. ముక్కను అరచేతిలో దాచే పనికి ఈ రెండూ కావలసినవే.

ముందుగా పేక ముక్క సంగతి చూతము. మన దేశంలో మొదట వాడుకలో ఉన్నవి గంజీఫా ముక్కలు. బాబరు చక్రవర్తి 1527లో సింధులోని ఒక ప్రభువుకు గంజీఫాలు పంపినట్లు తన స్మృతులలో వ్రాసుకొన్నాడు. ఒడిశాలో రఘురాజపురంలోను, మహారాష్ట్రలో సావంతవాడిలోను, కర్ణాటకలో మైసూరులోను, మన నిర్మల్‌లోను చిత్రకారులు వీటిని చేతితో చిత్రించినారు. మన సోదరులలో అనేకులు ఆ ప్రాంతాలలోనే స్థిరపడి ఉన్నారు గనుక వాటిని చూచే ఉంటారు. గంజీఫా సాధారణంగా గుండ్రని బిళ్ళ, లక్కపూతతో బిరుసుగా ఉంటుంది. ఈనాటి పేక ముక్క అటువంటిది కాదు. నాలుగు మూలలు గల కాగితపు ముక్క, వంచితే వంగి, వదిలితే మళ్ళీ నిటారుగా నిలుస్తుంది. అరచేతిలో దాచే పద్ధతి అంతా ఆ మూలల మీద, ఆ వంపు మీద ఆధారపడినదే.

ఈ కాగితపు పేకను మన దేశానికి తెచ్చినవారు ఐరోపా వర్తకులు. డచ్చివారు 1605లో మచిలీపట్నం రేవుకు వచ్చినారు. వారి భాషలో ఒక రంగు పేరు క్లావెర్, మరొక రంగు పేరు హార్టెన్. మన కళావరుకు, ఆఠీనుకు వాటితో ఉన్న పోలిక ఎవరికైనా తోచకమానదు. డచ్చివారు వెళ్ళిపోయి తరాలు గడచినా ఆ మాటలు మన నోళ్ళలో నిలిచే ఉన్నవి.

ఇక ముక్కను దాచే తీరు. తీర్థం పుచ్చుకొనేటప్పుడు అరచేతిని గుంటగా చేస్తాము గదా! దానికంటె కొంచెం తక్కువ వంపు ఇక్కడ చాలును. ముక్క నిలువుగా అరచేతిలో పండుకొంటుంది. దాని ఒక మూల చిటికెనవ్రేలి కొస దగ్గర, దానికి ఎదురు మూల బొటనవ్రేలి మొదట ఉన్న కండలో ఆనుకొంటాయి. ఆ రెండు చోట్ల నుంచి మెత్తగా నొక్కితే ముక్క చిన్న విల్లులాగా వంగి తనంతట తానే నిలుస్తుంది. గట్టిగా పట్టుకోవలసిన పనిలేదు.

కట్ట మీది ముక్కను చేతిలోకి తీసుకోవడం ఇంకొక మెట్టు. కట్ట ఎడమచేతిలో ఉంటుంది. కుడిచేయి దాని అంచులు సరిచేస్తున్నట్లుగా పైన కప్పుతుంది. ఆ నీడలో ఎడమ బొటనవ్రేలు పైముక్కను కొంచెం కుడివైపుకు జరుపుతుంది. కుడి చిటికెనవ్రేలు దాని మూలను కిందికి నొక్కుతుంది. నొక్కిన వెంటనే ముక్క రెండవ వైపు తక్కెడలాగా పైకి లేచి అరచేతిలో చేరుతుంది. చదవడానికి నాలుగు వాక్యాలు పట్టిన ఈ పని చేసేటప్పుడు రెప్పపాటు కూడా పట్టరాదు. సామాన్యమైన పేక ముక్క వెడల్పు 63 మిల్లీమీటర్లు, పొడుగు 89 మిల్లీమీటర్లు. చిన్న చేతులు గలవారు 57 మిల్లీమీటర్ల వెడల్పు గల సన్నని రకంతో మొదలుపెట్టడం మేలు.

నేర్చుకొనేవారికి కష్టం ముక్కను తీయడంలో లేదు, తీసిన తరువాత వస్తుంది. బొటనవ్రేలు కర్రలాగా బయటికి పొడుచుకొని నిలబడుతుంది. వ్రేళ్ళ మధ్య సందులలో నుంచి తెల్లని అంచు కనబడుతుంది. చేయి ప్రాణం లేనట్లు బిగుసుకొంటుంది. అన్నిటికంటె పెద్ద తప్పు, తన చేతిని తానే చూచుకోవడం. ప్రదర్శకుడు ఎక్కడ చూస్తే ప్రేక్షకులూ అక్కడే చూస్తారు. అందుచేత అనుభవజ్ఞులు రెండు ఉపాయాలు చెప్తారు. ముక్క చేతిలో పడగానే చేయి తొలగించరాదు. అదే చేతితో కట్టను మరి కొంతసేపు పట్టుకొని మాట్లాడుతూ ఉండాలి. రెండవది, ముక్కను చేతిలో పెట్టుకొనే ఇంటిలో మామూలు పనులు చేయాలి. కండువా సర్దుకోవాలి, నీళ్ళ గ్లాసు అందుకోవాలి, తలుపు తీయాలి. చేతిలో ముక్క ఉన్నదన్న సంగతి మనమే మరచిన నాడు ఎదుటివాడు కూడా గుర్తించడు.

ఈ నేర్పు పేక ముక్కల కంటె పాతది. గిన్నెలతో, చిన్న రాళ్ళతో కనికట్టు చేసేవారిని గురించి మొదటి శతాబ్దంలోనే రోము తత్త్వవేత్త సెనెకా ఒక లేఖలో ప్రస్తావించినాడు. మన గారడివారి మూడు గిన్నెల ఆట కూడా ఆ జాతిదే. గోళీని దాచిన అరచేయే తరువాత ముక్కను దాచ నేర్చినది.

అయితే ఇటువంటి విద్యలను గ్రంథస్థం చేయడం ఆలస్యంగా జరిగినది. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అనే ఆయన మంత్రగత్తెల నమ్మకాన్ని ఖండిస్తూ పెద్ద గ్రంథం ప్రకటించినాడు. ఆ రోజులలో దిక్కులేని ముసలివారి మీద చేతబడి నేరం మోపి శిక్షించేవారు. ఎంత వింతగా కనబడిన పనికైనా దయ్యాల సహాయం అక్కరలేదని చూపడానికి ఆయన బంతులు, నాణేలు, పేక ముక్కలు మాయం చేసే కిటుకులను వివరించినాడు. గారడి రహస్యం మొదట అచ్చులో బయటపడిన ఘట్టాలలో ఇది ముఖ్యమైనది. అది వినోదం కోసం కాక, అమాయకుల ప్రాణరక్షణ కోసం జరిగిందన్న సంగతి గమనింపదగినది.

తరువాత చెప్పుకోవలసినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన రాబర్ట్ హూదాఁ. ఆయన 1805లో బ్లువా పట్టణంలో పుట్టినాడు. వృత్తి గడియారాల పని. గడియారాల గ్రంథం కొనబోతే దుకాణదారు పొరపాటున ఇంద్రజాలపు పుస్తకం కట్టి ఇచ్చినాడనీ, దానితో తన జీవితమే మారిపోయినదనీ ఆయన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. వీధిలో నడుస్తూ కూడా సాధన చేయడానికి వీలుగా పైకోటుకు రెండు ప్రక్కలా పెద్ద జేబులు కుట్టించుకొన్నాడట! చూచేవారికి ఆయన చేతులు జేబులో పెట్టుకొని తీరికగా నడిచే మనిషి. 1845లో పారిసులో తన రంగశాల తెరిచి పేరు పొందినాడు. 1868లో హస్తలాఘవ రహస్యాలను శాస్త్రంగా వ్రాసి ప్రకటించినాడు. ఇంగ్లండులో ఏంజెలో లూయిస్ అనే న్యాయవాది ప్రొఫెసర్ హాఫ్‌మన్ అన్న మారుపేరుతో 1876లో ‘మోడరన్ మాజిక్’ అనే గ్రంథం ప్రచురించినాడు. గురువు దొరకని కుర్రవాడు కూడా పుస్తకం ఎదుట పెట్టుకొని మెట్టు మెట్టుగా నేర్చుకొనే అవకాశం అప్పటి నుంచి ఏర్పడినది.

1902లో షికాగోలో ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అన్న పేరుతో ఒక పుస్తకం వెలువడినది. అది అసలు పేరు కాదు. అతడెవరో నేటికీ తేలలేదు. పుస్తకంలో మొదటి భాగం జూదంలో చేసే మోసాలు, రెండవ భాగం వినోదపు గారడి. రెండింటిలోనూ అరచేతి పట్టు ఉన్నది. కెనడాలో 1894లో పుట్టిన డాయ్ వెర్నన్ చిన్నతనంలోనే ఈ పుస్తకాన్ని చదివి, 1992లో మరణించేవరకు పేక విద్యకు ఆచార్యుడుగా నిలిచినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పేక అంటే ఇల్లు గుల్ల చేసే వ్యసనమని మన పెద్దలు భయపడడంలో తప్పులేదు. చేతి పట్టు ఒకటే అయినా జూదరికీ గారడివానికీ భేదం ఉన్నది. జూదరి తాను మోసం చేయడం లేదని నమ్మించి ఎదుటివాని డబ్బు కాజేస్తాడు. గారడివాడు, ‘ఇదిగో, మిమ్మల్ని మోసగించబోతున్నాను, జాగ్రత్తగా చూడండి’ అని ముందుగా చెప్పి సంతోషపెడతాడు. శకుని చేతిలోని నేర్పు నిందింపదగినది కాదు, దాని వినియోగం నిందింపదగినది. పిల్లలకు ఈ విద్య నేర్పేవారు ఈ భేదం కూడా నేర్పవలెను.

సాధనకు ఎటువంటి చోటైనా చాలునని చూపినవాడు కార్డినీ. వేల్సు దేశంలో 1895లో పుట్టిన ఇతని అసలు పేరు రిచర్డ్ పిచ్‌ఫర్డ్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడుగా కందకాలలో ఉన్నప్పుడు చలికి చేతి తొడుగులు తీయలేక, వాటితోనే ముక్కలను దాచడం, విప్పడం అభ్యసించినాడు. తరువాత రంగస్థలం మీద తొడుగులు వేసుకొనే విసనకర్రల వంటి ముక్కల వరుసలను గాలిలో నుంచి తీసి చూపి లోకాన్ని ముగ్ధం చేసినాడు.

మరి మన వైపు సంగతి ఏమిటి? తెలుగుదేశంలో విప్రవినోదులని ఇంద్రజాలమే వృత్తిగా గల బ్రాహ్మణశాఖ ఉండేది. విజయనగర కాలపు శాసనాలలో వారి పేరు కనబడుతుంది. వీధి గారడివారు ఊరూరా తిరిగి, రంగస్థలం, తెరలు, దీపాలు ఏవీ లేకుండా, నాలుగు ప్రక్కలా జనం చుట్టుముట్టి ఉండగా ఆడినారు. అది సామాన్యమైన ప్రజ్ఞ కాదు. పందొమ్మిదవ శతాబ్దం మొదట దక్షిణ భారతం నుంచి లండనుకు వెళ్ళిన ఒక ప్రదర్శకుని ఆంగ్లేయులు రామోసామీ అన్నారు. రామస్వామి అన్న పేరే వారి నోట అట్లా మారినదని తోస్తున్నది. 1821లో హాజ్లిట్ అనే ప్రసిద్ధ వ్యాసకర్త లండనులో ఒక భారతీయ గారడివాడు నాలుగు ఇత్తడి బంతులు ఎగురవేయడం గురించి వ్రాస్తూ, ఆ పరిపూర్ణత ముందు తన రచనలు తనకే సిగ్గు కలిగిస్తున్నవని ఒప్పుకొన్నాడు. ఆ ప్రదర్శకుడు రామోసామీయేనని పలువురి అభిప్రాయం. రామోసామీ 1850లో లండనులోనే మరణించినాడు. అంత్యక్రియలకు అతని భార్య పత్రిక ద్వారా సహాయం కోరవలసి వచ్చినది. హాజ్లిట్ వ్యాసం ఈనాటికీ చదువుతున్నారు. రామోసామీ ఎవరివద్ద, ఎట్లా, ఎన్నేండ్లు నేర్చుకొన్నాడో చెప్పే పుస్తకం మాత్రం అతడు వ్రాయలేదు.

విద్య తండ్రి నుంచి కొడుకుకు చేతిలో చేయి వేసి అందినంతకాలం మన గారడి నిలిచినది. కొడుకు వేరే ఊరికి, వేరే ఉద్యోగానికి వెళ్ళిన నాడు ఆ గొలుసు తెగినది. అటు గడియారాల పనివాడు, న్యాయవాది, పేరు చెప్పని అజ్ఞాతవ్యక్తి తాము నేర్చినదాన్ని కాగితం మీద పెట్టినారు గనుక తమకు పుట్టని బిడ్డలకు కూడా గురువులైనారు. మన దేశంలో ఆ మార్గం పట్టినవారిలో పి. సి. సర్కారు (1913–1971) ముఖ్యులు. ఆయన ప్రపంచమంతా ప్రదర్శనలిస్తూనే బెంగాలీలోను, ఇంగ్లీషులోను పుస్తకాలు వ్రాసినారు.

ఇది గారడికి మాత్రమే సంబంధించిన మాట కాదు. స్వస్థలం విడిచి తరాలుగా పరాయి రాష్ట్రాలలో కాపురమున్న మనకు ఇది మరీ అవసరమైన మాట. మన ఇండ్లలో ముగ్గు వేసే చేయి, తోలుబొమ్మ ఆడించే చేయి, అప్పడం ఒత్తే చేయి, పేక ముక్కను మాయం చేసే చేయి ఇంకా ఉన్నవి. వారిని అడిగి, వారు చెప్పినట్లే తెలుగులో వ్రాసి ఉంచడం మన సంఘాలు చేయదగిన పని. ఈ పండుగకు మీ ఇంటి మామయ్య ముక్కను మాయం చేసినప్పుడు చప్పట్లు కొట్టండి. పిల్లలు నిద్రపోయిన తరువాత కాగితం, కలం తీసికొని ఆయన ప్రక్కన కూర్చోండి. అరచేతిలో దాగవలసినది ముక్క మాత్రమే, విద్య కాదు.